అత్త మాట విన్న మంచం

మంగళవారం పొద్దున అత్త లేచింది గానీ ఆవిడ గొంతు లేవలేదు. "ఏమండీ" అని పిలవబోతే "హహ్" అని గాలి మాత్రం వచ్చింది. ఆయన పేపరు దించి ఇల్లంతా ఒకసారి పరికించాడు. నడుస్తున్న ఫ్యాను హఠాత్తుగా ఆగిపోతే మనుషులు అలాగే చూస్తారు.

దుకాణాల్లో మిక్సీల పక్కన నిలబడి, మిక్సీ తిరుగుతుండగానే మిక్సీకి పైన వినపడిన గొంతు అది. మిక్సీలయ్యాయి, కుక్కర్లయ్యాయి, ఇప్పుడు మేనల్లుడి కంపెనీలో మంచం. ఆ కంపెనీని అందరూ స్టార్టప్ అంటారు. ఆయన మాత్రం "స్టార్టు, అప్పు" అని రెండు ముక్కలుగా విడదీసి పలుకుతాడు. అందులో ఉన్నదే ముగ్గురు. మేనల్లుడు సీఈవో, అత్త డెమో, మిగతా పనంతా మౌని. మౌని అంటే ఇంజినీరు. నెలకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప కాబట్టి ఆ పేరు అత్తే పెట్టింది.

మంచానికి పేరు పెట్టిందీ అత్తే. "ఒత్తిగిలి." మంచాన పడి తనంతట తాను పక్కకి తిరగలేని మనిషిని మెల్లగా తిప్పే మంచం అది. పరుపు కింద అటొకటి, ఇటొకటి గాలిసంచులు ఉంటాయి. ఎడమ సంచి ఉబ్బితే మనిషి కుడికి ఒరుగుతాడు, కుడి సంచి ఉబ్బితే ఎడమకి. అసలు గొప్ప అది కాదు. రోగి "కుడి" అంటే మంచం కుడికి తిరుగుతుంది, "ఎడమ" అంటే ఎడమకి. మంచం వింటుంది. "ఒత్తిగిలి: ఒత్తిడి లేని పక్క" అని గోడ మీద రాయించింది అత్త. "పక్కా అని దీర్ఘం పెడదామత్తా" అన్నాడు మేనల్లుడు. "పక్కకి దీర్ఘం పెడితే గదిలో పట్టదురా" అంది.

"మా ఇంట్లో ఆయన వినడు గానీ ఆ మంచం నా మాట వింటుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అదంతా తన ఉచ్చారణ మహిమ అని కూడా ఆవిడ నమ్మకం. మేనల్లుడు ఒకసారి పడుకుని "కుడి" అంటే మంచం ఉలకలేదు, పలకలేదు. అత్త పడుకుంటే ఠక్కున తిరిగింది. "ఒత్తులు సరిగ్గా పలకాలిరా" అంది ఆవిడ. 'కుడి'లో ఒత్తెక్కడుందని వాడు అడగలేదు. నవ్వి ఊరుకున్నాడు.

ఆ మంగళవారం పొద్దున్నే డెమో ఉంది. అత్త మెడకి మఫ్లర్ చుట్టుకుని, ఆఫీసు గుమ్మంలో నిలబడి మేనల్లుడికి సైగ చేసింది. గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. మంచాన్ని చూపించి, "ఎలారా?" అన్నట్టు అరచెయ్యి తిప్పింది.

"ఏం పర్లేదత్తా. ఊరికే పెదాలు కదుపు. దానికి నువ్వు అలవాటేగా" అన్నాడు వాడు, కుర్చీలు సర్దుతూ.

గొంతు పోయిందని వాడు కంగారు పడకపోవడం ఆవిడకి ముచ్చటేసింది. అత్తంటే ఎంత భరోసా వీడికి, అనుకుంది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు పెద్ద నర్సింగ్ హోమ్ మేట్రన్. వేసుకున్న చెప్పుల చప్పుడుతోనే నర్సులు సర్దుకుంటారనిపించే మనిషి. రెండో ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. కంపెనీది అద్దెకి తీసుకున్న మోటారు షెడ్డు. ఒక గోడ వెంబడి రంగు వేసి, తెర కట్టి, మధ్యలో మంచం వేశారు. మంచానికి కుడివైపు మూలన స్టూలు మీద మౌని, చేతిలో ఫోను. సిగ్నల్ చూసుకోవడం అతని పని అని అందరికీ చెప్పేవారు.

అత్త డెమోలో ముందు మంచం ఊసే ఉండదు. మీ ఇంట్లో ఎవరు పడుకున్నారు, ఎవరు తిప్పుతున్నారు, తిప్పేవాళ్ళ నడుం ఎలా ఉంది, ఇవి అడుగుతుంది. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టాక చెప్పులు విడిచి తనే మంచమెక్కుతుంది. చూపించాల్సింది చూపించాక నోరు మూసుకుంటుంది. "డెమోలో కష్టమైన పని మాట్లాడటం కాదురా, ఆపడం" అని మేనల్లుడికి ఆపకుండా చెబుతూ ఉంటుంది.

ఆ రోజు మాట్లాడే పని మేనల్లుడు తీసుకున్నాడు. ఎవరింట్లో ఎవరు పడుకున్నారో అడక్కుండానే మోటారు ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తుందో బిగ్గరగా చెప్పాడు. సంచి మందం చెప్పాడు. మంచం ఎన్ని రకాల గొంతులు విని నేర్చుకుందో చెప్పాడు. మేట్రన్ గడియారం చూసుకుంది. అత్త మంచం మీద వెల్లకిలా పడుకుని, అడిగేవాళ్ళు అడగని సంగతులు చెబుతున్న మేనల్లుడిని గిల్లాలనే కోరికతో దుప్పటి గిల్లింది.

"ఇప్పుడు మా అత్త చూపిస్తుంది. గొంతు బాగోలేదు, పాపం. అయినా చూడండి."

అత్త ఊపిరి పీల్చుకుని "కుడి" అంది. అంది అనుకుంది. పెదాలు కదిలాయి గానీ గాలి కూడా బయటికి రాలేదు. పిచ్చిదాన్ని, మళ్ళీ అనాలి అనుకునేలోగా వీపు కింద ఎడమ సంచి ఉబ్బింది. మంచం ఆవిడని మెత్తగా, మర్యాదగా కుడికి ఒరిగించింది.

"అబ్బ, ఇంత చిన్న గొంతు కూడా వింటోందే" అంది మేట్రన్. టీచరమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మేనల్లుడు.

కుడికి తిరిగిన అత్తకి ఎదురుగా స్టూలు, స్టూలు మీద మౌని. సిగ్నల్ చూడాల్సినవాడు ఫోను చూడాలి. అతను ఆవిడ మొహం చూస్తున్నాడు. మొహం కూడా కాదు, నోరు.

అత్త దగ్గొచ్చినట్టు దుప్పటి ముక్కు దాకా లాక్కుంది. ఆ దుప్పటి చాటున, ఒంట్లో ఉన్న గాలంతా కూడదీసుకుని, గొంతు చీలిపోయేలా "ఎడమ" అంది. తుప్పు పట్టిన తలుపు మూసినట్టు ఒక చప్పుడొచ్చింది. పక్కనున్న టీచరమ్మకి వినపడి ఒక అడుగు ముందుకేసింది కూడా. మంచం కదల్లేదు. అత్త దుప్పటి దించింది. ఈసారి ఏ చప్పుడూ లేకుండా, పెదాలు మాత్రం విప్పి "ఎడమ" అన్నట్టు చూపించింది.

మంచం లేచింది. ఆవిడని చక్కగా ఎడమకి తిప్పి, గోడవైపు పడుకోబెట్టింది.

గోడ మీద ఆవిడ రాయించిన అక్షరాలే ఉన్నాయి. ఒత్తిడి లేని పక్క. మంచానికి చెవుల్లేవు. ఇన్నాళ్ళూ అది మౌని కళ్ళతో విన్నది, పువ్వులున్నది తన చెవుల్లో. వెనక మళ్ళీ చప్పట్లు. ఎన్నడూ లేనిది, అత్త ఇటు తిరగడానికి మొహమాటపడింది.

టీచరమ్మ మంచం చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మా ఆయనా ఇలాగే గుసగుసలాడతారమ్మా. నా చెవి ఆయన నోటికి ఆనిస్తేగానీ వినపడదు. ఈ మంచానికి వినపడుతుందంటే..." మిగతాది చెప్పలేకపోయింది. "శనివారం పంపించెయ్యండి" అంది మేనల్లుడితో.

"శుక్రవారం మా డాక్టరుగార్ని తీసుకొస్తాను. ఇదే డెమో మళ్ళీ చూపించాలి" అంది మేట్రన్.

*

టీ కాచుకునే బల్ల దగ్గర అత్త మౌనిని పట్టుకుంది. అరవాల్సిన రోజు బతుకులో ఒకటి వస్తే, అది సరిగ్గా గొంతు పోయిన రోజే రావాలా అని ఆవిడకి ఏడుపొచ్చింది. నోరు తెరిచి, "ఎప్పట్నించి?" అని పెదాలతో అంది.

"మొదట్నించీ" అన్నాడు మౌని. ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. తెర మీద రెండే మీటలు, అటొకటి, ఇటొకటి.

"నా పెదాలు చూసా?"

"మీరు అనకముందే తెలుస్తుందత్తా. కుడికి మూతి సున్నా చుడతారు. ఎడమకి ముందు గడ్డం దిగుతుంది." నెల కోటా మాటలు ఒక్క గుక్కలో ఖర్చుపెట్టి గ్లాసు కడగడం మొదలెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న గ్లాసు అది.

మేనల్లుడు లోపలికొచ్చాడు. బల్ల మీద ఫోను చూశాడు, అత్త మొహం చూశాడు. కాసేపు ఎక్కడ చూడాలో తేల్చుకోలేక టీ గిన్నె వైపు చూశాడు.

"మోసం కాదత్తా ఇది, ముందస్తు. లాప్‌టాప్‌లో కుర్రాళ్ళ గొంతైతే వింటోంది, మంచానికి ఇంకా కలపలేదు. ఒంట్లో బాగోలేనివాళ్ళ గొంతు ఇంకా పట్టుకోలేకపోతోంది. మూడు నెలల్లో అదీ వచ్చేస్తుంది. రాబోయేది ఇవాళ చూపిస్తున్నాం, అంతే. అందరూ చేసేదే."

అత్త పెదాలు కదిపింది. వాడికి అర్థం కాలేదు.

"'రాబోయే వానకి ఇవాళే గొడుగు అమ్మావు సరే, బట్ట లేని గొడుగు అమ్ముతావా' అంటున్నారు" అన్నాడు మౌని, గ్లాసు తుడుస్తూ.

"నువ్వు నమ్మి చెబితేనే వాళ్ళు నమ్ముతారత్తా. తెలిస్తే నీ మొహంలో తెలిసిపోతుందని చెప్పలేదు." మేనల్లుడు దగ్గరికొచ్చి ఆవిడ మఫ్లర్ సరిచేశాడు. చిన్నప్పుడు తను వాడి మెడకి ఎలా చుట్టేదో అచ్చం అలాగే చుట్టాడు. "ఈ ఒక్క శుక్రవారం. మేట్రన్ సరే అంటే షెడ్డు అద్దెకి డబ్బు వెతుక్కోనక్కర్లేదు, మౌనికి జీతం ఇవ్వొచ్చు. అప్పుడు తీరిగ్గా నిజంగా వినే మంచం చేసుకుందాం."

నిజం తెలిస్తే మొహంలో తెలుస్తుందట. అంటే ఇన్నాళ్ళూ వాడికి పనికొచ్చింది తన నేర్పు కాదు, తన తెలియనితనం. అత్త ఆ మాటని మింగబోయింది. గొంతు వాచి ఉంది, దిగలేదు.

*

"గొంతుకేమో గానీ నీకు మొహం కూడా పోయిందేంటే" అన్నాడు ఆయన సాయంత్రం. వేడినీళ్ళ గిన్నె, తువ్వాలు ఆవిడ ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన డ్రైవింగ్ నేర్పుతాడు. ఎవరు ఎక్కడ తప్పు చేయబోతున్నారో చేయకముందే కనిపెట్టడం ఆయనకి అలవాటు. కార్లోనే గానీ ఇంట్లో నోరెత్తడు.

అత్త ఆవిరి పట్టుకుంటూ ముక్కలు ముక్కలుగా, ఈలలు ఈలలుగా జరిగింది చెప్పింది. ఆయన అంతా విని, కాలితో నేల మీద ఒకసారి నొక్కాడు.

"నా కార్లో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది, తెలుసుగా. నేర్చుకునేవాళ్ళు తొక్కకపోతే నేను తొక్కుతాను."

"తామే ఆపామనుకుంటారా?" అంది అత్త, తువ్వాల్లోంచి.

"అనుకోనివ్వను. మొదటిరోజే వంగి చూడమంటాను. ఇదిగో ఇది మీది, ఇది నాది అని. కొందరు చిన్నబుచ్చుకుంటారు. అయినా చెబుతాను. లేకపోతే వాళ్ళు రేపు సొంత బండి కొనుక్కుని ఎక్కుతారు. అందులో నా కాలుండదుగా."

అత్త తువ్వాలు తీసి ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి మాట తను ఎన్నిసార్లు పూర్తిగా విన్నదో లెక్కపెట్టుకోబోయి మానేసింది.

"మరి మీ మేనల్లుడో?" అన్నాడు.

"వాడు చెడ్డవాడు కాదు."

"నేనన్నానా? నా దగ్గరికొచ్చేవాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కారు. గోడకి కొట్టేవాళ్ళు చాలావరకు మంచివాళ్ళే."

*

మంచం పంపేముందు గది చూసి రావాలి. గుమ్మం వెడల్పు, ప్లగ్గు ఎక్కడుంది, మంచం తిరిగే జాగా ఉందా, ఇవన్నీ కొలిచేది అత్తే. గురువారం టేపు పట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. గొంతు కొద్దిగా తిరిగొచ్చింది. పెద్ద గాలివాన తర్వాత మిగిలిన రేకులా గీరుకుంటోంది.

టీచరమ్మ భర్త రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే మనిషట. ఊరంతా విన్న గొంతు. పక్షవాతంతో ఇప్పుడది పెదాల చివర ఆగిపోయింది. అత్తని చూడగానే ఆయన ఏదో అన్నాడు. టీచరమ్మ వంగి చెవి ఆనించి, చిరునవ్వుతో లేచింది.

"'రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి మంచం ఆవిడ విచ్చేస్తున్నారు' అంటున్నారు."

"ఎంత ఆలస్యంగా నడుస్తున్నానో కూడా చెప్పమనండి" అంది అత్త. ఆయన కళ్ళు నవ్వాయి.

కొలతలు తీసుకుంటుంటే ఆయన మళ్ళీ పెదాలు కదిపాడు. టీచరమ్మ ఈసారి చెవి ఆనించలేదు, అర్థమైంది. ఒక మోకాలు మంచం అంచున పెట్టింది. ఒక చెయ్యి ఆయన భుజం కిందికి, ఒకటి తుంటి కిందికి పోనిచ్చింది. ఊపిరి బిగబట్టి, తనవైపు లాక్కుంది. వీపు వెనక దిండు దోపింది, రెండు మోకాళ్ళ మధ్య ఇంకొకటి. చెవి నలిగిందేమోనని చూసి సవరించింది. అంతా అయ్యాక ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, అత్తవైపు చూడకుండా కాసేపు నిలబడింది.

"శనివారం నుంచి ఈ బాధ ఉండదమ్మా" అంది. "అదిగో, ఆ గదిలో తలుపేసుకుని పడుకుంటాను. ఆయనే అంటున్నారు, నువ్వు అక్కడ పడుకో, నేను మంచంతో మాట్లాడుకుంటాను అని."

అత్త చేతిలో టేపు చటుక్కున లోపలికి చుట్టుకుపోయింది. తలుపేసిన గది. ఇటువైపు ఈయన, కుడి అంటాడు, ఎడమ అంటాడు. మౌని స్టూలు ఇక్కడుండదు.

చెప్పేద్దామని నోరు తెరిచింది. ఆయన ఆవిడ పెదాల వైపే చూస్తున్నాడు. పలకలేనివాళ్ళకి ఆ అలవాటు ఉంటుంది కాబోలు. అబద్ధం మంచం మీద పడుకుని చెప్పింది తను. నిజం గుమ్మంలో నిలబడి చెబితే చాడీ అవుతుంది. చెప్పిన చోటే చెప్పాలి.

"రేపు ఒకసారి రాగలరా? పక్కింటివాళ్ళని కాసేపు కూర్చోబెట్టి. మీ చేత్తో మీరు నడిపి చూడకుండా మంచం ఇవ్వను" అంది.

*

"చూపిస్తావుగా అత్తా?" అన్నాడు మేనల్లుడు శుక్రవారం.

"చూపిస్తాను" అంది అత్త.

మేట్రన్, ఆవిడ వెంట డాక్టరు, ఒక అడుగు వెనగ్గా టీచరమ్మ. అత్త తన పద్ధతిలోనే మొదలుపెట్టింది. మీ దగ్గర రోగుల్ని ఎవరు తిప్పుతారు అని మేట్రన్‌ని అడిగింది. ఇద్దరు నర్సులు కావాలంది ఆవిడ. ఇద్దరూ ఒకేసారి దొరుకుతారా అంది. మేట్రన్ డాక్టరు వైపు చూసి నవ్వింది. నడుం పట్టేసి సెలవు పెట్టినవాళ్ళ సంగతి చెప్పింది. అత్త చెప్పులు విడిచింది. మంచమెక్కలేదు.

"బాబూ, ఆ స్టూలు ఇలా మధ్యలోకి తెచ్చుకో" అంది మౌనితో.

మేనల్లుడి చేతిలో కాగితాలు కదలడం ఆగిపోయింది. మౌని స్టూలు మోసుకొచ్చి మంచం పక్కన వేశాడు. అత్త చెయ్యి చాపింది. అతను ఫోను ఇచ్చాడు. ఇచ్చేముందు ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు లేదు.

"ఈ మంచానికి చెవుల్లేవు" అంది అత్త. గీరుకుపోయిన గొంతు షెడ్డు రేకుల్లో ఒకటిలా వినపడింది. "మంగళవారం మీరు చూసింది ఇతని చెవులు, ఇతని కళ్ళు. నా పెదాలు చూసి ఇతను నొక్కాడు. నాకూ అప్పుడే తెలిసింది. ఎవరో ఒకరు నొక్కకపోతే ఇది వట్టి పరుపు. రోగి ఎంత పిలిచినా పలకదు." ఫోను టీచరమ్మ చేతిలో పెట్టింది. "నొక్కితే మాత్రం తిప్పుతుంది. మీరే చూడండి."

మంచమెక్కి పడుకుని, నోరు మూసుకుంది.

ఆవిడ బతుకంతా ఆ మౌనాన్ని అమ్మకానికి వాడింది. చూపించాక ఆగాలి, ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడు. ఈసారి తను ఏం గెలుస్తుందో ఆవిడకి తెలియదు. మేనల్లుడి వైపు చూడకూడదని పైకప్పు చూసింది.

ఎడమ సంచి ఉబ్బింది. అత్త కుడికి ఒరిగింది. ఆగింది. దిగింది. కుడి సంచి ఉబ్బింది. టీచరమ్మ బొటనవేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూస్తోంది. బడిలో పిల్లాడు చేసిన లెక్కని కింది నుంచి పైకి సరిచూసినట్టు, అటూ ఇటూ.

"నడుం వంచక్కర్లేదు" అంది టీచరమ్మ చివరికి. "అంతేగా?"

"అంతే."

"వినడానికి నేనున్నానుగా." ఆ మాటలో కోపం ఉంది. ఫోను గట్టిగా పట్టుకుంది. "ఆ మాట మంగళవారమే చెప్పుంటే ఏం పోయేదమ్మా? మూడు రోజులుగా ఆయన మంచంతో ఏం మాట్లాడాలో నాకు చెబుతున్నారు."

డాక్టరు ముందుకొచ్చి గాలిసంచి నొక్కి చూశాడు. "మంగళవారం సంగతి విని అసలు నేను వద్దనడానికే వచ్చాను" అన్నాడు. "మావాళ్ళు నిద్రలో ఏదేదో అంటుంటారు. అన్నప్పుడల్లా మంచం తిరిగితే రాత్రంతా గిరగిరలే. నర్సు నొక్కితే తిరిగేదైతే పనికొస్తుంది."

మేట్రన్ చెప్పుల చప్పుడు చేసుకుంటూ మేనల్లుడి దగ్గరికెళ్ళింది. "అబ్బాయ్, ఆ వింటుందీ గింటుందీ అని రాసిందంతా కొట్టేసి, కొత్త కాగితం ఇవ్వు. వార్డుకి సరిపడా తీసుకుంటాం" అంది.

వాళ్ళు వెళ్ళాక మేనల్లుడు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నన్ను నిలబెట్టావత్తా" అన్నాడు. ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మంగళవారం మింగలేకపోయిన మాట అత్తకి ఇప్పుడు దిగింది. వాడికి అర్థమైంది, చాలు, అనుకుంది. ఇంటికెళ్ళి ఆయనకి చెబితే, "మంచిది" అని ఊరుకున్నాడు.

*

సోమవారానికి గొంతు పూర్తిగా వచ్చేసింది. ఇంటి నుంచి ఆఫీసుకి వచ్చేదాకా దారిలో కనపడినవాళ్ళందరితో మాట్లాడి, బాగా నడుస్తోందో లేదో చూసుకుంది కూడా.

షెడ్డులోకి అడుగుపెట్టేసరికి స్టూలు మంచం పక్కన లేదు. ఎప్పటి మూలకే చేరింది. స్టూలు మీద మౌని, చేతిలో ఫోను, తల వంచుకుని ఉన్నాడు. గోడకి తగిలించిన తెల్లబోర్డు ముందు మేనల్లుడు.

"రా అత్తా. కూర్చో. ఇవాళ ఒక పెద్ద పార్టీ వస్తున్నారు. శుక్రవారం వీడియో పంపిస్తే అరగంటలో ఫోన్ చేశారు."

"వీడియోనా?"

"తెర వెనక కెమెరా పెట్టాను. ఎప్పుడూ పెడతానుగా." వాడి మొహం వెలిగిపోతోంది. "నీ గొంతు అలా చీలిపోయి 'చెవుల్లేవు' అన్నప్పుడు ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఏం డెమో అత్తా అది. నాకు అప్పుడే వెలిగింది. నిజం చెబితే నమ్ముతారు. కానీ ముందు ఒక్క క్షణం అబద్ధం నమ్మి ఉండాలి. అప్పుడే నిజం విలువ తెలుస్తుంది."

బోర్డు మీద వరసగా రాసి ఉంది. అత్త పడుకుంటుంది. పెదాలు కదుపుతుంది, మంచం తిరుగుతుంది, చప్పట్లు. తర్వాత అత్తకి తెలిసిపోతుంది. మౌనిని పిలుస్తుంది. ఫోను తీసుకుంటుంది. నిజం చెబుతుంది. కొనేవాళ్ళ చేతిలో పెడుతుంది. 'నాకూ అప్పుడే తెలిసింది' అన్న ముక్క కింద ఎర్రగా రెండు గీతలు ఉన్నాయి.

"ఈ మాట చాలా ముఖ్యం. ఇది మర్చిపోకు" అన్నాడు మేనల్లుడు. "ఫోను తీసుకునేటప్పుడు చెయ్యి కొంచెం వణికితే బావుంటుంది. ఇంకోటి, గొంతు ఇంత బాగుంటే ఎలా? ఆ మఫ్లర్ తెచ్చావా?"

అత్త వాడి మొహంలోకి చూసింది. అందులో చిన్నమెత్తు చెడు లేదు. అందుకే భయమేసింది. శుక్రవారం వాడి కళ్ళు నిజంగానే ఎర్రబడ్డాయి. ఏడ్చాడు, ఏడ్చాక అది ఎంత బాగా పనిచేసిందో చూసుకున్నాడు. మొన్నటిదాకా తనకి తెలియకుండా తన అబద్ధాన్ని అమ్మాడు. ఇవాళ తనకి చెప్పి మరీ తన నిజాన్ని అమ్ముతున్నాడు. మొదటిదానికి పరిహారం ఉంది గానీ రెండోదానికి ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

"ఒకసారి పడుకో అత్తా, రిహార్సల్ చేద్దాం."

ఆవిడ చెప్పులు విడిచి మంచమెక్కింది. వెల్లకిలా పడుకుని, అలవాటుగా దుప్పటి సర్దుకుంది. మూతి సున్నా చుట్టింది. సంచి ఉబ్బింది, మంచం మెత్తగా, మర్యాదగా ఆవిడని కుడికి తిప్పింది. ఎదురుగా మౌని.

అత్త అతని కళ్ళలోకి చూస్తూ పెదాలు కదిపింది. కుడీ కాదు, ఎడమా కాదు. పొడుగైన మాటే. గొంతు ఎత్తలేదు. ఎత్తితే అది కూడా బోర్డు మీదికి ఎక్కుతుందని ఆవిడకి తెలుసు.

"ఏంటత్తా? వినపడలేదు" అన్నాడు మేనల్లుడు, మార్కరు మూత తీస్తూ. "మళ్ళీ పోయిందా గొంతు? పోతే మంచిదే."

మౌని స్టూలు మీంచి లేచాడు. ఫోను స్టూలు మీద పెట్టాడు, తెర కిందికి ఉండేలా.

"పోలేదు" అన్నాడు. "ఇక రానంటున్నారు."

"ఎవరు?"

"ఆవిడ." గోడకి తగిలించిన సంచీ తీసుకుని భుజానికి వేసుకున్నాడు. "నేనూ."

మేనల్లుడు ఒకసారి అత్త వైపు, ఒకసారి మౌని వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరి మొహంలోనైనా తనకి చదవడం వచ్చిన మాట ఉందేమోనని వెతికాడు. మంచం ఇంకా కుడికే ఒరిగి ఉంది. దాన్ని దించే మీట నొక్కడానికి ఎవరూ లేరు. ఒరిగిన పరుపు అంచు రెండు చేతులా పట్టుకుని, నడుం నొప్పి పుట్టేలా వంగి, అత్త తనంతట తానే దిగింది.